మడతలో దాగిన మూడో వంతు

సౌదీ కార్మిక చట్టంలో 84, 85, 87 అని మూడు అధికరణలున్నాయి. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి చెమటోడ్చిన మనిషి ఇంటికి తిరిగొచ్చేటప్పుడు చేతికి ఎంత వస్తుందో తేల్చేవి ఇవే. కంపెనీయే పనిలోంచి పంపేసినా, కాంట్రాక్టు గడువు తీరినా తొలి అయిదేళ్లకు ఏడాదికి అరనెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం చొప్పున లెక్కగట్టి ఇవ్వాలి. ఇది 84. తానుగా రాజీనామా చేస్తే లెక్క మారిపోతుంది. రెండేళ్లలోపు అయితే ఏమీ రాదు. రెండు నుంచి అయిదేళ్ల సర్వీసుకు ఆ మొత్తంలో మూడో వంతు, అయిదు దాటి పదేళ్లలోపు మూడింట రెండొంతులు, పదేళ్లు నిండితే పూర్తి మొత్తం. ఇది 85. తన చేతుల్లో లేని కారణంతో మానుకోవాల్సి వస్తే మళ్లీ పూర్తి మొత్తం రావాలంటుంది 87.

నెలకు 2,000 రియాళ్ల జీతం మీద ఆరేళ్లు పనిచేసిన వెల్డరును తీసుకుందాం. కంపెనీ పంపేస్తే 7,000 రియాళ్లు వస్తాయి. తానే రాజీనామా రాసిస్తే 4,667. తేడా 2,333 రియాళ్లు, మన డబ్బుల్లో యాభై వేలకు పైమాటే. ‘ఇక్కడో సంతకం పెట్టు’ అని క్యాంపు ఆఫీసులో ఎవరైనా కాగితం ముందుకు తోసినప్పుడు, ఆ మూడు అధికరణలనూ పక్కపక్కన పెట్టుకుని చదవగలిగినవాడే నష్టపోకుండా బయటపడతాడు.

ఇలాంటి సమాచారం వెబ్ పేజీల్లో సాధారణంగా ఒకే అచ్చులో కనిపిస్తుంది. వరసగా ప్రశ్నలు, ప్రతి ప్రశ్న పక్కన ఒక కూడిక గుర్తో చిన్న బాణమో. నొక్కితే జవాబు తెరుచుకుంటుంది, మళ్లీ నొక్కితే ముడుచుకుంటుంది. వెబ్ డిజైనర్లు దీన్ని అకార్డియన్ అంటారు. బ్యాంకు, బీమా కంపెనీ, యూనివర్సిటీ, ప్రభుత్వ శాఖ, ఏజెంటు... ఎవరి సైటుకు వెళ్లినా ‘తరచూ అడిగే ప్రశ్నలు’ అన్న చోట ఉండేది ఇదే. వీటిలో ఒక రకం మరీ చిక్కుది. రెండో ప్రశ్న తెరవగానే మొదటిది దానంతటదే మూసుకుపోతుంది. చూడ్డానికి పేజీ శుభ్రంగానే ఉంటుంది. రాజీనామా చేస్తే ఎంత, తీసేస్తే ఎంత అని పోల్చుకోవాల్సినవాడికి మాత్రం ఒక జవాబు చదివేసరికి ఇంకొకటి మాయం. వెబ్ పేజీలు రాసే భాషకు ప్రామాణిక గ్రంథమైన హెచ్‌టీఎంఎల్ స్టాండర్డే ఈ పద్ధతి గురించి రచయితలను ముందుగా హెచ్చరిస్తుంది: ఒకేసారి రెండు మూడు భాగాలు చూడాలనుకునేవారికి ఇది విసుగు పుట్టించవచ్చు, వాడే ముందు మేలో కీడో ఆలోచించుకోండి అని.

ఈ మడతల సంగతి మాట్లాడటానికి రాస్ తనూరా అనువైన చోటు. సౌదీ తూర్పు తీరంలో సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఈ నేల కొస నుంచే 1939 మే 1న తొలి సౌదీ ముడిచమురు ఓడ బయల్దేరింది. రాజు అబ్దుల్ అజీజ్ స్వయంగా వచ్చి వాల్వు తిప్పారు. 1945 నుంచి నడుస్తున్న ఆరామ్‌కో రిఫైనరీ సామర్థ్యం రోజుకు 5,50,000 పీపాలు. అంత పెద్ద రిఫైనరీని నిలిపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ రోజుల్లో కాంట్రాక్టు కంపెనీలకు వెల్డర్లు, పైపు ఫిట్టర్లు, రిగ్గర్లు, పరంజా కట్టేవాళ్లు వందల్లో కావాలి. శ్రీకాకుళం ఉద్దానం పల్లెల నుంచి, విశాఖ నుంచి ఈ పనులు నేర్చి గల్ఫ్‌కు వెళ్లే కుర్రాళ్లకు కొదవ లేదు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ వలసల తీరు వేరు. కానీ దమ్మామ్, జుబైల్, రాస్ తనూరా వరసలో ఏ లేబర్ క్యాంపులోనైనా తెలుగు మాట వినిపించడం వింతేమీ కాదు.

వీళ్ల బతుకు తెరువు కాగితాలన్నీ ఇప్పుడు తెర మీదికి చేరాయి. కాంట్రాక్టు, యజమాని మార్పు సౌదీ పోర్టల్ ‘కివా’లో. ఇకామా (నివాస అనుమతి), రీఎంట్రీ, ఖురూజ్ (దేశం వదిలే అనుమతి) ‘అబ్షర్’లో. 2021 మార్చి 14న అమల్లోకి వచ్చిన సౌదీ కార్మిక సంస్కరణల తర్వాత, నిబంధనలకు లోబడి కఫీల్ (యజమాని) అనుమతి లేకుండానే వేరే పనికి మారడం, సెలవు మీద ఇంటికి వెళ్లడం వీలైంది. ఆ హక్కును వాడుకునే దారి కూడా ఫోన్‌లోంచే. ఇటు భారత ప్రభుత్వం వైపు ‘ఈ-మైగ్రేట్’, ఫిర్యాదులకు ‘మదద్’. గతంలో తెలిసినవాడు ఎవడో పక్కన కూర్చుని చదివి చెప్పేవాడు. ఇప్పుడు తనే నొక్కాలి, తనే చదవాలి.

చదివే చోటు ఎలా ఉంటుంది? ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు నేరుగా ఎండలో పని చేయించడం సౌదీలో నిషేధం. ఆ విరామంలో రేకుల నీడన కూర్చుని ఫోను తెరిస్తే, ఇసుక మీంచి కొట్టే వెలుగులో తెల్లటి పేజీ మీది లేత బూడిదరంగు బాణం కనిపించదు. వెబ్ అందుబాటు నియమాలు అక్షరాలకూ వెనకరంగుకూ మధ్య కనీసం 4.5:1 వెలుగు తేడా, గుర్తులకూ బటన్లకూ 3:1 తేడా ఉండాలంటాయి. డిజైనరు ఏసీ గదిలో పెద్ద మానిటరు మీద చూసి సై అన్న బూడిదరంగు ఈ పరీక్షలో తేలిపోతుంది. అలాగే 2023 అక్టోబరులో వచ్చిన ఆ నియమాల 2.2 కూర్పు, నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, 24 పిక్సెళ్ల ఎత్తు ఉండాలని చెప్పింది. ఇనుప తాళ్లు లాగి కాయలు కాసిన రిగ్గరు బొటనవేలికి అది కూడా బొటాబొటీయే. ప్రశ్న మొత్తాన్ని బటన్‌గా చేస్తే సరిపోయేదానికి, చివర్న ఉన్న చిన్న కూడిక గుర్తునే గురిచూసి నొక్కమనడం దేనికి?

వెల్డరుకు ఇంకో ఇబ్బంది ఉంది. అద్దం సరిగా దించకుండా ఆర్క్ వెలుగు చూస్తే కొన్ని గంటల తర్వాత కళ్లలో ఇసుక పోసినట్టు మంట, ధారగా నీరు, దీపం వంక చూడలేనితనం. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఆ ఒకటి రెండు రోజులూ అతను చూపు లేనివాడితో సమానమే. ఫోన్‌లో ఉన్న టాక్‌బ్యాక్ తెర మీదిది చదివి వినిపిస్తే తప్ప ఏమీ తెలియదు. నలభై దాటి చత్వారం వచ్చిన ఫోర్‌మన్, తెర పగిలిన ఫోను మోసే హెల్పరు, ఇంగ్లిషు కూడబలుక్కుని చదివే కొత్త కుర్రాడు... వికలాంగుల జాబితాలో వీళ్లెవరి పేరూ ఉండదు. అయినా వికలాంగుల కోసం రాసిన నియమాలే వీళ్లనూ కాపాడతాయి. అందుబాటు అనగానే ‘ఎంతమంది గుడ్డివాళ్లు మన సైటు చూస్తారు?’ అని అడిగే మేనేజర్లకు రాస్ తనూరా క్యాంపులో ఒక పూట గడపమని చెప్పాలి.

ఇక మడత లోపలి పనితనం. నొక్కితే తెరుచుకునే ఈ ప్యానెల్ సక్రమంగా ఉండాలంటే కావాల్సినవి కొన్నే. ప్రశ్న నిజమైన బటన్ అయి ఉండాలి. అప్పుడు మౌసు లేకున్నా ట్యాబ్ మీటతో అక్కడికి చేరుకోవచ్చు, ఎంటర్ లేదా స్పేస్ నొక్కి తెరవచ్చు. మూసి ఉందో తెరిచి ఉందో తెర చదివే సాఫ్ట్‌వేర్‌కు తెలియజేయాలి. ‘అరియా-ఎక్స్‌పాండెడ్’ అనే చిన్న గుర్తు ఆ పని చేస్తుంది, తెరవగానే దాని విలువ మారాలి. మూసినప్పుడు లోపలి జవాబు కంటికే కాదు, చెవికీ మీటలకూ కూడా మూసుకుపోవాలి. ప్రశ్న శీర్షికలో భాగంగా ఉంటే, చూపు లేనివారు ఒక్కో శీర్షిక మీదికి గెంతుకుంటూ కావాల్సిన ప్రశ్నను పట్టుకుంటారు. అంతే.

జరిగేది వేరు. చాలాచోట్ల ఆ ప్రశ్న బటనే కాదు, రంగు పూసిన ఉత్తి డబ్బా. మౌసు తగిలితే ఏదో స్క్రిప్టు దాన్ని తెరుస్తుంది. కంటికి బటన్‌లాగే ఉంటుంది. ట్యాబ్ మీట దాన్ని దాటుకుని పోతుంది, టాక్‌బ్యాక్ దాన్ని మామూలు వాక్యంలా చదివి ఊరుకుంటుంది. గోడ మీద గీసిన తలుపు బొమ్మ అది. ఇంకో రకం తప్పు దీనికి తిరగబడి ఉంటుంది. జవాబు ఎత్తును సున్నా చేసి కంటికి దాచేస్తారు గానీ లోపలి లింకులు బతికే ఉంటాయి. ట్యాబ్ నొక్కుకుంటూ పోయేవాడు కనిపించని లింకుల్లో తప్పిపోతాడు. తెర చదివే సాఫ్ట్‌వేర్ మూసిన జవాబులన్నీ ఏకధాటిగా చదివేస్తుంది. మూడోది మరీ విడ్డూరం: గుర్తు పెట్టారు, మార్చడం మరిచారు. ప్యానెల్ తెరిచాక కూడా ‘మూసి ఉంది’ అనే చెబుతుంటుంది. విన్నవాడు పనిచేయలేదనుకుని మళ్లీ నొక్కుతాడు, అది నిజంగానే మూసుకుపోతుంది.

ఒకప్పుడు దీనికి సాకు ఉండేది. ఈ గుర్తుల తొలి ప్రమాణం 2014 మార్చిలో గాని ఖరారు కాలేదు. అప్పటిదాకా ఎవరికి తోచినట్టు వారు రాసుకున్నారు. ఇప్పుడు ఆ సాకు చెల్లదు. స్క్రిప్టు ఒక్క వరస కూడా లేకుండా తెరుచుకుని మూసుకునే ‘డిటెయిల్స్’, ‘సమ్మరీ’ అనే జంట హెచ్‌టీఎంఎల్‌లోనే ఉంది. క్రోమ్ 2011లో, సఫారీ 2012లో, ఫైర్‌ఫాక్స్ 2016లో దాన్ని అందుకున్నాయి. 2020 జనవరిలో ఎడ్జ్ కూడా చేరడంతో పెద్ద బ్రౌజర్లన్నీ ఒక దారికొచ్చాయి. మీటలతో తెరవడం, స్థితి చెప్పడం అన్నీ బ్రౌజరే చూసుకుంటుంది. నెట్ సిగ్నల్ అరకొరగా ఉండి స్క్రిప్టు సగంలో ఆగిపోయినా ప్యానెల్ తెరుచుకుంటుంది. క్యాంపు వైఫై మీద పదిమంది వీడియో కాల్స్ మాట్లాడుకునే రాత్రివేళ ఇది చిన్న సంగతి కాదు. ఉచితంగా దొరికేదాన్ని వదిలేసి నూరు వరసల కోడ్‌తో అంతకంటే నాసిరకం దాన్ని తయారుచేయడం మన సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఎందుకంత ఇష్టమో! బిల్లు గంటల లెక్కన వేస్తారు కాబట్టి అనుకోవాలేమో.

తెలుగు పేజీకి అదనపు చిక్కులున్నాయి. పేజీ తెలుగులో ఉన్నా, కోడ్‌లో భాష ఇంగ్లిషు అని రాసి వదిలేస్తే చదివే గొంతు ఇంగ్లిషుదే వస్తుంది. అది తెలుగు అక్షరాలను దాటేస్తుంది, లేదా ఒక్కో అక్షరం పేరు పలుకుతుంది. ఇది రెండే అక్షరాల సంకేతంతో సరిపోయే పని. పాత అను ఫాంట్లలో టైపు చేసిన ఉత్తర్వులు, స్కాన్ చేసి బొమ్మగా అతికించిన కరపత్రాలు ఇంకో తలనొప్పి. ప్యానెల్ చక్కగా తెరుచుకుంటుంది గానీ లోపల వినడానికి అక్షరం ఉండదు. సౌదీ సైట్లలో అరబిక్ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి మూసిన బాణం ఎడమవైపు చూస్తుంది. ఇంగ్లిషుకు మారగానే కుడివైపు తిరగాలి. తిరగకపోతే బాణం ఎటు చూస్తే మూసినట్టో, ఎటు చూస్తే తెరిచినట్టో కంటితో పోల్చుకోలేం.

వెతకడం, అచ్చు తీయడం కూడా చూడాలి. మూసిన ప్యానెల్లో ఉన్న మాట కోసం పేజీలో వెతికితే చాలా సైట్లలో దొరకదు. ‘రాజీనామా’ అని కొడతాడు, ‘లేదు’ అని వస్తుంది, ఆ సంగతి ఇక్కడ లేదనుకుని వెళ్లిపోతాడు. పైన చెప్పిన జంటను వాడితే క్రోమ్ వెతికిన మాట ఉన్న మడతను తానే విప్పి చూపిస్తుంది. అచ్చుదీ అదే కథ. పలాసలోనో మెట్‌పల్లిలోనో నెట్ సెంటరుకు వెళ్లి ఆ పేజీని కాగితం మీద తీయించుకున్న భార్యకు ప్రశ్నల జాబితా తప్ప జవాబులు రావు. అచ్చు వేసేముందు అన్నీ తెరుచుకునేలా చేయడానికి పట్టే కోడ్ నాలుగైదు వరసలు.

మడతలే వద్దనడం సబబు కాదు. చిన్న తెర మీద నలభై ప్రశ్నలూ జవాబులూ పరిచేస్తే వేలు నొప్పి పుడుతుంది. చదవడం అంతంతమాత్రం వచ్చినవాడికి పొడవాటి పేజీని చూస్తేనే గుండె జారుతుంది. ఎవరికి కావాల్సిన ఒకటి రెండు జవాబులు వారు తీసుకునే చోట ప్యానెల్ మంచి సాధనం. కానీ అందరూ చదివి తీరాల్సిన దాన్ని మడతలో పెట్టకూడదు. బ్రిటన్ ప్రభుత్వ డిజైన్ మార్గదర్శకాలు ఈ మాట కుండబద్దలు కొట్టినట్టు చెప్పాయి. వాళ్ల అకార్డియన్‌కు పైన ‘అన్ని భాగాలూ చూపించు’ అనే బటన్ కూడా ఉంటుంది.

మన వలస కార్మికుడి పేజీలో ఏది బయట ఉండాలి? రిక్రూటింగ్ ఏజెంటు సేవా రుసుము 30,000 రూపాయలకు, దానిపై జీఎస్టీకి మించకూడదన్న నియమం మొదటి వరసలో ఉండాలి. ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టుతో వెళ్లేవారికి తప్పనిసరైన ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు వస్తాయన్నది బయట ఉండాలి. రెండేళ్ల ప్రీమియం 275, మూడేళ్లకు 375 రూపాయలు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం సౌదీ నిబంధనలకు విరుద్ధమన్నదీ అక్కడే ఉండాలి. 84, 85, 87 అధికరణల లెక్కలు మూడు ప్యానెళ్లలో కాకుండా ఒకే పట్టికగా కనిపించాలి. ఆఫీసు వేళలు, ఫోటో కొలతలు, ఫీజు చెల్లించే పద్ధతులు మడతల్లో ఉన్నా నష్టం లేదు. మన సైట్లలో తరచూ ఇది తలకిందులుగా ఉంటుంది: మంత్రిగారి ఫోటో విశాలంగా బయట, హక్కులు ఎనిమిదో ప్రశ్న కింద.

ఇదంతా దయాదాక్షిణ్యాల వ్యవహారం అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. 2000 సంవత్సరంలోనే సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైటు తనకు చదవడానికి వీలుగా లేదని బ్రూస్ మగ్వైర్ అనే చూపు లేని ఆస్ట్రేలియన్ తాను చేసిన ఫిర్యాదులో గెలిచాడు. నిర్వాహక సంఘం 20,000 ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్య సమితి ఒప్పందాన్ని భారతదేశం 2007లో, సౌదీ అరేబియా 2008లో అంగీకరించాయి. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షన్ డిజిటల్ సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలంటుంది. 2017 నిబంధనల్లో దాన్ని ‘చేస్తే మంచిది’ స్థాయికి దించేశారు. రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఆ 15(1) నిబంధనను కొట్టేసి, తప్పనిసరి కనీస ప్రమాణాలు మూడు నెలల్లో రూపొందించమంది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో ఇంకో అడుగు ముందుకేసి, డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది.

తీర్పు వచ్చినంత మాత్రాన కోడ్ మారదు. వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల సైట్ల మొదటి పేజీలను యంత్రంతో తనిఖీ చేస్తుంది. 2025లో 94.8 శాతం పేజీల్లో లోపాలు దొరికాయి. అవి కూడా యంత్రం పట్టగలిగినవి మాత్రమే. ‘తెరిచి ఉంది’ అనాల్సిన చోట ‘మూసి ఉంది’ అని అబద్ధం చెప్పే ప్యానెల్‌ను యంత్రం పట్టుకోలేదు, మనిషే నొక్కి వినాలి. అందుకు ఖర్చూ లేదు. కంప్యూటరు మీద తెర చదివే సాఫ్ట్‌వేర్ ఎన్‌వీడీఏ ఉచితం. 2006లో దాన్ని మొదలుపెట్టిన మైకేల్ కరన్, తోడుగా చేరిన జేమ్స్ టే ఇద్దరూ చూపు లేనివారే. తెలుగు గొంతు కూడా దానికి ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ సెట్టింగుల్లోనే దొరుకుతుంది.

గల్ఫ్ వలసల మీద పనిచేసే సంస్థలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎన్ఆర్టీ సొసైటీ. వెబ్‌సైటుకో యాప్‌కో టెండరు పిలిచే ప్రతిసారీ ‘అందుబాటు ప్రమాణాలు పాటించవలెను’ అని ఒక వాక్యం రాసి చేతులు దులుపుకోవడం ఏ ప్రభుత్వ శాఖలోనైనా మామూలే. అంతటితో ఆపకూడదు. పని అప్పగించే రోజున మౌసు తీసేసి, టాక్‌బ్యాక్ పెట్టి, తెలుగు పేజీలో ప్రతి ప్యానెల్‌నూ తెరిచి మూసి చూపించాలని షరతు పెట్టాలి. ఆ పరీక్ష చేసేవారు కాంట్రాక్టరు మనుషులు కాకూడదు. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పునరావాస కేంద్రం లాంటి చోట్ల తెర చదివే సాఫ్ట్‌వేర్ మీద శిక్షణ పొందినవారున్నారు. వాళ్లలో కొందరిని, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒకరిద్దరు వెల్డర్లను కూర్చోబెట్టి, రోజుకు ఇంత అని కూలి కట్టి పరీక్ష చేయించాలి. వాళ్లు సరేనని సంతకం పెట్టాకే ఆఖరి విడత బిల్లు విడుదల చేయాలి.